ఒక కర్ర దూరం

మా బరంపురం ఇంట్లో వంటగది తలుపు వెనకాల ఒక వెదురు కర్ర నిలబెట్టి ఉంటుంది. సరిగ్గా నా చెవి దాకా వస్తుంది. కణుపుల దగ్గర నూనె తాగి తాగి నల్లబడిపోయింది, మధ్యలో పట్టుకునే చోట మాత్రం నున్నగా మెరుస్తూ ఉంటుంది. ఆ మెరుపు నా చేతులది కాదు, మా చినతాతవి.

పోయిన వారం పక్కింటి అమ్మాయి వచ్చింది, ప్లస్ టూ చదువుతోంది. ఫోన్లో ఒక వీడియో చూపించింది. వెనక నుంచి ఎవడో పట్టుకుంటే ఒక అమ్మాయి మోచేత్తో పొడిచి, చెయ్యి మెలితిప్పి, వాణ్ణి నేల మీద పడేసి, మూడు సెకన్లలో జుట్టు సర్దుకుని నిలబడిపోయింది. "ఆంటీ, మీరు నేర్చుకున్నారంట కదా, ఇది నిజంగా పనిచేస్తుందా?" అని అడిగింది. చాలా మంచి ప్రశ్న అది. నేను దాని వయసులో ఉన్నప్పుడు ఆ ప్రశ్న అడగాలని కూడా నాకు తెలీదు. అప్పటికప్పుడు ఏదో చెప్పి పంపాను గానీ, ఆ రోజు నుంచి చినతాత మనసులో తిరుగుతూనే ఉన్నారు.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ ఏరు అవతల పాతపట్నం, అది ఆంధ్ర. ఇవతల మేము. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు మా ఊరు ఇటు వచ్చేసింది, చుట్టాల్లో సగం మంది అటు ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో ఎవరితో ఏది వస్తే అది. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెప్పిన ఊరు మనది అని మా నాన్న వచ్చిన ప్రతి చుట్టానికీ చెప్పేవారు.

మా పెరటి వెనకాల ఒక తాటాకుల పాక ఉండేది. కర్రసాము నేర్పే ఆ చోటుని తాలింఖానా అనేవాళ్లం. చినతాత మాత్రం గరిడీ అనేవారు. ఆయన మా తాతకి తమ్ముడు, పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవారు. ఊళ్లో వాళ్లంతా వస్తాదు గారు అనేవారు. సాయంత్రం నాలుగింటికి పాక ముందు నేల ఊడ్చి నీళ్లు చల్లించేవారు. ఆ తడి మట్టి వాసన, దానికి తోడు కర్రలకి పట్టించే నూనె వాసన, మంగళవారం అయితే ఆంజనేయస్వామి పటం ముందు కొట్టిన కొబ్బరికాయ వాసన. ఇప్పటికీ వానాకాలం మొదటి జల్లు పడితే నాకు ముందు ఆ పాకే గుర్తొస్తుంది.

పన్నెండు పదిహేను మంది కుర్రాళ్లు వచ్చేవారు. సైకిల్ షాపులో పనిచేసే వాళ్లు, రిక్షా తొక్కేవాళ్లు, కాలేజీ పిల్లలు ఇద్దరు ముగ్గురు. ఒడియా అన్నదమ్ములిద్దరు ఉండేవారు, మా ముత్తాతలు పైకులు అని ఛాతీ విరుచుకుని చెప్పేవారు. పైకులంటే రాజుల కాలంలో పొలం సాగు చేసుకుంటూ యుద్ధం వస్తే కత్తి పట్టే వాళ్లు. 1817లో ఖుర్దాలో బక్షి జగబంధు వెనకాల నడిచి ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడింది వీళ్లే. ఆ అన్నదమ్ములు అఖడా అంటే మావాళ్లు తాలింఖానా అనేవారు, చేసేది అవే దండీలు, అవే బస్కీలు, అదే కర్ర.

ఆడపిల్లలకి అందులోకి ప్రవేశం లేదు. నేను నూతి గట్టు మీద కూర్చుని బట్టలు నానబెడుతున్నట్టు ఉండి చూసేదాన్ని. కొత్తగా వచ్చిన వాడికి రెండు నెలల దాకా కర్ర ఇచ్చేవారు కాదు. ముగ్గుపిండితో నేల మీద గీతలు గీసి వాటి మీద అడుగులు వేయించేవారు. ముందుకి, వెనక్కి, పక్కకి, వెనక్కి, మళ్లీ వెనక్కి. ఒకడు విసుక్కుని "ఎప్పుడూ ఎనక్కేనా వస్తాదు గారూ" అంటే, "ఎనక్కి ఎల్లడం రానోడికి ముందుకెళ్లే పని ఇవ్వను" అన్నారు.

దసరాకి ఊరేగింపులో మా వాళ్లు కర్ర తిప్పుతుంటే జనం ఈలలు వేసేవారు. గాలిని కోస్తున్నట్టు చప్పుడు వచ్చేది, కర్ర కనపడేది కాదు, ఒక చక్రం కనపడేది. చినతాతకి అది ఇష్టమే, దగ్గరుండి తలపాగాలు కట్టేవారు. కానీ పండగ అయిన మర్నాడు పాత గోనెపట్టా, చిరిగిన పంచెలు తెచ్చి కర్రల చివర్లకి లావుగా చుట్టించేవారు. ఇద్దర్ని ఎదురెదురుగా నిలబెట్టి "ఇప్పుడు నిజంగా కొట్టుకోండి" అనేవారు. నిన్న రథం ముందు అంత అందంగా తిప్పినవాడు కూడా ఎదటివాడు మాట వినకుండా మీదకి వచ్చేసరికి తడబడేవాడు, కర్ర కాళ్లకి తగిలేది, ఊపిరి అందేది కాదు. "దసరాకి తిప్పేది ఒకటి, దారిలో తిప్పేది ఒకటి. రెండూ ఒకటే అనుకున్నోడే దెబ్బలు తింతాడు" అనేవారు. ఆ గోనెపట్టా చుట్టిన కర్రల విలువ నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ అర్థం కాలేదు.

కోడి రామ్మూర్తి నాయుడు గారి పేరు ఆ పాకలో రోజూ వినపడేది. మాకు దగ్గరి ఊరు వీరఘట్టం ఆయనది. గొలుసులు తెంచడం, ఛాతీ మీద ఏనుగుని ఎక్కించుకోవడం, ఆ కబుర్లు చెబుతుంటే కుర్రాళ్ల కళ్లు వెలిగిపోయేవి. చినతాత చివర్లో ఒకమాట అనేవారు, అది మహానుభావుల బలం, దండం పెట్టుకోండి, మీ ఒంటికి ఉన్న బలంతో ఏం చేయగలరో అది నా దగ్గర నేర్చుకోండి అని.

నాకు 16 ఏళ్లప్పుడు, 1987లో, బరంపురం వెళ్లే బస్సులో ఒక సంగతి జరిగింది. వివరాలు రాయను, చదివే ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. వెనక సీటు వాడు. దాదాపు గంట. నేను నోరు తెరవలేదు. అరవాలనే ఉంది, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మాట రాలేదు, చేతులు ఒళ్లోని సంచిని పట్టుకుని అలాగే బిగుసుకుపోయాయి. పాతికమంది ఉన్న బస్సు అది. దిగి, పని చూసుకుని, ఇంటికి వచ్చి, అమ్మకి కూడా చెప్పలేదు. రోజూ నూతి గట్టు మీద కూర్చుని అన్ని పట్లూ చూసినదాన్ని, నాకేమీ రాలేదేమిటని నన్ను నేనే తిట్టుకున్నాను.

నాలుగు రోజులకి చినతాతే అడిగారు. "గుంటా, గట్టు మీదకి రావడం మానేసేవేటి?" అని. ఆ మాటకే ఏడుపొచ్చేసింది. సగం చెప్పాను, మిగతా సగం ఆయనకి అర్థమైంది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "బయపడ్డం తప్పు కాదే తల్లీ. కర్ర పట్టినోడికీ మొదటిసారి ఒళ్లు అలాగే బిగిసిపోద్ది. నీకు నోరు పెగల్లేదు. అక్కడ మొదలెడదాం" అన్నారు.

మొదలుపెట్టింది ఏట్లో. వేసవి కావడంతో మహేంద్రతనయలో నీళ్లు ఒక పాయగా పారుతున్నాయి, మిగతా అంతా ఇసుక. తెల్లవారుజామున నన్నూ మా పిన్ని కూతుర్నీ తీసుకెళ్లి, ఆయన అవతలి ఒడ్డున నిలబడి, "దూరం! అని అరవండి" అన్నారు. మేము ఇద్దరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. అరిస్తే పిల్లి కూతలా వచ్చింది. "వినపడ్లేదు" అన్నారు. మళ్లీ అరిచాం. "వినపడ్లేదు." ఆయనకి వినపడుతోందని మాకు తెలుసు. ఆడపిల్ల గట్టిగా మాట్లాడకూడదని పుట్టినప్పటి నుంచి నేర్పిన ఇంట్లోనే ఆ పెద్దాయన ఏటి ఒడ్డున నిలబడి అరవమని, ఇంకా అరవమని, పొట్టలోంచి అరవమని చెబుతున్నారు. పదిహేను రోజులు పట్టింది. ఒక రోజు నా గొంతులోంచి వచ్చిన అరుపుకి ఇసుకలో ఉన్న కొంగలు లేచిపోయాయి. చినతాత చెయ్యి పైకెత్తారు, చాలు అని.

తర్వాత పెరట్లో. నా చేతిలో కర్ర పెట్టలేదు. "కాలేజీకి కర్ర పట్టుకెళ్తావా? నీ దగ్గర ఏటుంటది?" అన్నారు. గొడుగు ఉంటుంది, సంచి ఉంటుంది. సరే, గొడుగు సంచిలో పెట్టి తెమ్మన్నారు. గుమ్మం దగ్గర ఆయన, నూతి దగ్గర నేను, మధ్యలో ఏడు అంగలు. "నేను కదలగానే గొడుగు తియ్యి." డెబ్బై దాటిన మనిషి, ఎడమ మోకాలు నొప్పి. నా చెయ్యి సంచి జిప్పు మీదకి వెళ్లేసరికే ఆయన వేలు నా భుజం మీద ఉంది. మళ్లీ చేశాం. మళ్లీ వేలు. పది సార్లు చేస్తే పది సార్లూ ఆయనదే. నాకు కోపం వచ్చేసింది. అప్పుడు నవ్వి, నన్ను నూతికి అవతల పక్కకి నిలబెట్టారు. ఈసారి ఆయన నూతిని చుట్టి రావాలి. గొడుగు బయటికి వచ్చేసింది. "సూసేవా, నీ చెయ్యి తొరగా అవలేదు. మధ్యలో నుయ్యి వచ్చింది, అంతే" అన్నారు.

అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు శాఖలో డెన్నిస్ టుల్లర్ అనే ఆయన 1983లో ఇదే లెక్క రాశారని చాలా ఏళ్ల తర్వాత చదివాను. కత్తి పట్టుకున్న మనిషి 21 అడుగుల దూరం నుంచి ఒకటిన్నర సెకనులో మీదకి వచ్చేయగలడు, పోలీసు తుపాకీ తీసి కాల్చడానికీ దాదాపు అంతే పడుతుంది అని. చదువుతూ లేచి వెళ్లి, మా హాల్లో టేపు పెట్టి 21 అడుగులు కొలిచాను. గుమ్మానికీ నూతికీ మధ్య దూరం అంతే ఉండేదని ప్రమాణం చేయలేను గానీ, నా అంగలకి ఏడే వచ్చాయి.

ఇంకోటి చేయించేవారు, అది నాకు అస్సలు నచ్చేది కాదు. పెరటి చుట్టూ ఊపిరి ఆడనంతగా పరుగెత్తించి, ఆగీ ఆగగానే తాళంచెవి ఇచ్చి పాక తాళం తియ్యమనేవారు. రోజూ కళ్లు మూసుకుని తీసే తాళం. అప్పుడు కన్నంలోకి తాళంచెవి దూరేది కాదు. గుండె చెవుల్లో కొట్టుకునేది, వేళ్లు వణికేవి. భయంలో ఒంట్లో ఎడ్రినలిన్ పెరిగితే ఇలాగే అవుతుందని ఇప్పుడు అందరికీ తెలుసు. సన్నటి వేళ్ల పనులు రావు, చూపు సొరంగంలోంచి చూస్తున్నట్టు ఇరుకైపోతుంది, పక్కన మాటలు వినపడవు. మా చినతాతకి ఆ పేరు తెలీదు. "ఆ టయానికి తాళమే తియ్యలేవు, పది మెలికల పట్టు ఏం ఏత్తావు? రెండే నేర్చుకో, అవే వెయ్యిసార్లు సెయ్యి" అనేవారు. వీడియోలో అమ్మాయి చేసినవి లెక్కపెట్టాను, నాలుగో ఐదో ఉన్నాయి వరసగా.

ఆ రెండిట్లో ఒకటి మణికట్టు విడిపించుకోవడం. పట్టుకున్నవాడి బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య సందు ఉంటుంది, పట్టులో బలహీనమైన చోటు అదే, అటువైపు లాగాలి. చెయ్యి ఒక్కటే లాగకూడదు, మొత్తం ఒంటితో ఒక అడుగు వేస్తూ లాగాలి. అది నాకు వచ్చేసిందని మురిసిపోతున్న రోజున ఆయన రెండు చేతులతో పట్టుకున్నారు. రాలేదు. గింజుకున్నాను, రాలేదు. "ఇప్పుడేటి సేస్తావు?" అన్నారు. నాకు తెలీలేదు. కొరుకు, కాలు మీద తొక్కు, కింద కూలబడిపో, కేక వెయ్యి, ఏదో ఒకటి చెయ్యి గానీ ఆగిపోకు అన్నారు. విడిపించుకున్నాక అక్కడే నిలబడి ఆయన మొహంలోకి చూశాను, శభాష్ అంటారేమోనని. "ఇంకా ఇక్కడే ఉన్నావేటి? పరిగెట్టు!" అని గట్టిగా అరిచారు. విడిపించుకోవడంతో పాటు వీధి గుమ్మం దాకా పరుగు కూడా రోజూ చేయించేవారు, రెండూ కలిపి ఒకటే పాఠం.

నా పెళ్లయి బరంపురం వచ్చాక, 2003లో మా అమ్మాయిని కరాటే క్లాసుకి పంపుతూ నేనూ చేరాను. అప్పుడు నాకు 32. ఆ క్లాసు అంటే నాకు చాలా గౌరవం, ముందే చెబుతున్నాను. వచ్చేటప్పుడు వంగి నమస్కారం, వెళ్లేటప్పుడు వంగి నమస్కారం, తెల్లబట్టల్లో డాక్టరు గారబ్బాయీ కూరగాయల బండి ఆవిడ కూతురూ ఒకే వరసలో నిలబడటం, ఇవన్నీ మా పాకలోలాగే ఉండేవి. షోటోకాన్ పద్ధతి. ఒకినావా నుంచి 1922లో టోక్యో వచ్చి దాన్ని జపాన్ అంతా తెలిసేలా చేసిన గిచిన్ ఫునకోషి గారి సూత్రం ఒకటి గోడ మీద రాసి ఉండేది, కరాటేలో మొదటి దెబ్బ ఉండదు అని, అంటే ముందుగా మనం కొట్టకూడదని. మొదటిసారి చదివినప్పుడు ఒళ్లు జలదరించింది, మా చినతాత మాట జపాన్ నుంచి వచ్చినట్టు అనిపించి.

కానీ ఒక లోటు నాకు కనపడుతూనే ఉండేది. జంటగా చేసేటప్పుడు ఎదటివాళ్లు ఒకే ఒక్క గుద్దు, చెప్పిన చోటికి, చెప్పిన వేగంతో వేసి, చెయ్యి అలాగే చాపి ఉంచేవారు. మనం అడ్డుకుని, తిప్పి, మూడు దెబ్బలు చూపించే దాకా ఆ చెయ్యి కదిలేది కాదు. నిజంగా కొట్టేవాడు చెయ్యి అలా వదిలేసి నిలబడడు కదా. మా క్లాసులోనే బ్రౌన్ బెల్టు అబ్బాయి ఒకడు, బంగారంలాంటి పిల్లాడు, మా ఊరి అమ్మవారి జాతర ఠాకురాణీ యాత్ర రద్దీలో బండి తగిలిందన్న గొడవలో తను గట్టిగా నిలబడగలడనుకుని నిలబడ్డాడు. వచ్చింది ఒకడు కాదు, నలుగురు. చెయ్యి విరిగింది. మూడు నెలలు కట్టుతో కూర్చున్నాడు. వాడిని చూడ్డానికి వెళితే, "ఆంటీ, నాకు కటాలన్నీ వచ్చు, వెళ్లిపోవచ్చని ఎవరూ చెప్పలేదు" అన్నాడు. కటాలంటే ఎదురుగా ఎవరూ లేకుండా వరసగా చేసే కదలికలు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు.

అప్పుడే జూడో గురించి చదవడం మొదలుపెట్టాను. జూడోని మొదలుపెట్టిన జిగోరో కానో గారు 1882లో కోడోకాన్ అనే తన బడి పెట్టినప్పుడు చేసిన ముఖ్యమైన పని, జుజుత్సు అనే జపాన్ పాత పోరాటవిద్యలోంచి మరీ ప్రమాదమైన పట్లని రోజువారీ కుస్తీలోంచి తీసేయడం. ప్రమాదమైనవి తీసేస్తే విద్య బలహీనపడుతుంది అనుకుంటాం. ఆయన దగ్గర దానికి వ్యతిరేకంగా జరిగింది, ఎందుకంటే మిగిలిన పట్లని ఇద్దరూ పూర్తి బలంతో, ఎదటివాడు ఒప్పుకోకుండా ఉండగా రోజూ సాధన చేయగలిగారు. దాన్నే రండోరి అంటారు. అది చదువుతుంటే నా కళ్లముందు గోనెపట్టా చుట్టిన మా కర్రలు కనిపించాయి. పర్లాకిమిడి పాకలో, పంచె ఎగ్గట్టుకున్న ముసలాయన, జపాన్ పేరు తప్ప ఏమీ తెలియని మనిషి, అదే దారికి తనంతట తను వచ్చారు. అప్పటికి ఆయన పోయి ఐదేళ్లు దాటింది. చెప్పడానికి మనిషి లేరు.

చట్టం సంగతి కూడా చెప్పాలి, పిల్లలకి దీన్ని ఎవరూ చెప్పరు. ఆత్మరక్షణ హక్కు మన చట్టంలోనే ఉంది. పాత శిక్షాస్మృతిలో 96 నుంచి 106 దాకా సెక్షన్లు, 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా. మనల్ని కాపాడుకోవడానికి ఎంత అవసరమో అంతవరకే ఆ హక్కు, అంతకు మించి హాని చేయకూడదు. పోలీసుల సాయం అందుకునేంత వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. పాకలో ఎవడైనా ఎదటివాడు పడిపోయాక కూడా ఇంకో దెబ్బ వేస్తే చినతాత వాడి కర్ర లాక్కుని వారం రోజులు నీళ్లు చల్లే పని పెట్టేవారు. ఎందుకో అడిగితే, "పడ్డాక ఏసేది నీ బయం కాదురా, నీ కచ్చ" అనేవారు.

పక్కింటి అమ్మాయికి నేను చెప్పాలనుకున్నది ఇంకోటి ఉంది. 1991 డిసెంబరు. శ్రీకాకుళంలో ఒక ఇంటర్వ్యూకి వెళ్లి తిరిగి వస్తున్నాను. నౌపడలో దిగి మా గుణుపురం చిన్న బండి ఎక్కాలి. ఇప్పుడంతా బ్రాడ్ గేజి, అప్పుడు బొమ్మ రైలులా ఉండేది, పరుగెత్తి ఎక్కి పరుగెత్తి దిగేవాళ్లు జనం. ఆ రోజు ఆలస్యం. చీకటి పడిపోయింది. ప్లాట్‌ఫారం చివర బెంచీ మీద కూర్చున్నాను, మనుషులు తక్కువ. ఒకతను వచ్చి టైమెంత అన్నాడు. చెప్పాను. వెళ్లాడు. కాసేపటికి మళ్లీ వచ్చి ఏ ఊరమ్మా అన్నాడు, ఈసారి ఇంకాస్త దగ్గరికి. వాడి వెనకాల స్తంభం పక్కన ఇంకొకడు ఉన్నాడు, ఎటో చూస్తున్నట్టు నిలబడి. నాకు బస్సు గుర్తొచ్చింది, గొంతులో అదే అడ్డం. లేచి నిలబడ్డాను. బెంచీ చుట్టి వెనక్కి వెళ్లాను, బెంచీ మా మధ్యకి వచ్చింది. సంచి ఎడమ భుజానికి మార్చుకుని కుడి చెయ్యి అరచెయ్యి చూపిస్తూ ముందుకి పెట్టాను. వాడు బెంచీ చుట్టి రాబోయాడు.

"దూరం!"

ఏటి అవతలి ఒడ్డుకి అరిచినట్టే అరిచాను. టీ అబ్బాయి చేతిలో గ్లాసులు గలగలమన్నాయి. లైను మీద పనిచేసే ఇద్దరు లాంతరు ఎత్తి ఇటు చూశారు. వాడు "ఏటమ్మా, ఏటన్నాను?" అంటూ చుట్టూ చూసి వెనక్కి తగ్గాడు. స్తంభం పక్కవాడు అప్పటికే లేడు. నేను వాళ్లకి వీపు పెట్టకుండా పక్కపక్కగా నడుచుకుంటూ స్టేషన్ మాస్టరు గది గుమ్మంలోకి వెళ్లి నిలబడ్డాను. ఎవరో టీ ఇస్తే గ్లాసు పట్టుకోలేకపోయాను, చేతులు అంతగా వణికాయి, సగం చీర మీదే ఒలికింది. ఎవరినీ ఒక్క దెబ్బ కొట్టలేదు.

ఇంటికి చేరేసరికి అర్ధరాత్రి కావొచ్చింది. చినతాత అరుగు మీద మేలుకునే ఉన్నారు. అంతా చెప్పాను, మొదటి నుంచి చివరి దాకా, గుక్క తిప్పుకోకుండా. మెచ్చుకుంటారని ఎదురుచూశాను. ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, కాసేపు అలాగే ఉంచి, "దీపం ఎటేపుందే?" అన్నారు.

నాకు అర్థం కాలేదు.

"టేసన్లో దీపం. నీ ఎనకుందా, ఆడి ఎనకుందా? ఆడి మొకం నీకు కనపడిందా, నీ మొకం ఆడికి కనపడిందా?"

ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. మొహం కూడా సరిగ్గా గుర్తు రాలేదు, చెయ్యి ఒక్కటే గుర్తుంది, చేతికి రాగి కడియం. "సరే, పడుకో" అన్నారు.

మర్నాడు సాయంత్రం కుర్రాళ్లు వెళ్లిపోయాక, దీపాలు పెట్టే వేళకి, లాంతరు వెలిగించి పట్టుకుని పెరట్లోంచి నన్ను పిలిచారు.